ఆముదం రాసిన బండి

మొన్న తెనాలి బజారులో మా అమ్మాయికి గాజులు కొని వస్తుంటే, ఒక నూనెల కొట్టతను పెద్ద డబ్బా మూత తీశాడు. ఆముదం వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా చంటిపిల్లల మాడు, బాలింతల వీపు, తలంటి పోసుకునే రోజులు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "ఏంటమ్మా, అట్టా నిలబడిపోయావు? రైలు టైమవుతోంది" అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగింది. ఆముదం వాసనకు మోటారుసైకిలు చక్రం కళ్ళ ముందు తిరిగే ఆడది ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అనుకుంటాను. ఇంకొకామె ఉండేది. ఆమె పేరు దానమ్మ. రైలెక్కి బాపట్లలో దిగేదాకా ఆమె నా పక్కనే కూర్చున్నట్టు ఉంది.

నేను పేరాలలో మగ్గాల ఇంట్లో పుట్టాను. ఐదో తరగతితో బడి ఆగింది, కండెలు చుట్టడం మొదలయింది. పెళ్ళయ్యాక బాపట్ల వచ్చాను. మా ఆయన మిలట్రీలో సిపాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎక్కడో కొండల్లోనో ఇసకలోనో ఉండేవారు. అత్తమామలు నేను రాకముందే పోయారు. ఇంట్లో నేనూ, మా పాపా. పక్కింట్లో దానమ్మ. మా ఆయన చిన్నప్పటి నుంచీ ఆమెను పిన్నీ అని పిలిచేవారు కాబట్టి నాకు అత్త అయింది. మేము శనివారం ఒంటిపూట భోజనం, ఆమె ఆదివారం చర్చి. మధ్యలో ఉన్న పిట్టగోడకు ఆ తేడా ఎప్పుడూ తెలియలేదు. కూర గిన్నెలు దాని మీదుగా ఇటూ అటూ తిరుగుతూనే ఉండేవి. ఆమె భర్త జోసెఫ్ గారు కూడా మిలట్రీయే, లారీ డ్రైవరు. ఆయన పోయి చాలా ఏళ్ళయిందని తెలుసు. ఎలా పోయారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మిలట్రీ ఇళ్ళల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

దానమ్మత్తకు భయాలు ఎక్కువ. ఉరిమితే అద్దం మీద గుడ్డ కప్పేది. గ్యాసు సిలిండరు మార్చేటప్పుడు వీధిలోకి పోయి నిలబడేది. రైలు గేటు తీసి ఉన్నా అటూ ఇటూ చూసి, ప్రభువును తలుచుకుని, అప్పుడు పట్టాలు దాటేది. ఫోను మోగితే ముందు గుండె మీద చెయ్యి వేసుకునేది, తర్వాతే ఎత్తేది. వీధిలో ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. "దానమ్మా, నీ వెనకాల నీ నీడ వస్తోంది, చూసుకో" అని ఒకావిడ అంటే, "చూశానే తల్లీ. అది నీది. నా నీడ అంత లావుండదు" అని జవాబు చెప్పి మరీ పోయేది. పట్టాలు దాటడానికి భయం, కానీ రోజూ దాటేది. గ్యాసంటే భయం, కానీ రోజూ వండేది. భయపడేదే గానీ ఆగేది కాదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తలకెక్కింది. అప్పట్లో అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని.

మా ఆయనకు ఒకటే పిచ్చి, బుల్లెట్టు. తెనాలిలో బాషా గారని ఒక మెకానిక్కు ఉండేవారు. ఆయన చేత వెతికించి ఒక పాత బండి కొన్నారు. ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులుండే కాలం నాటిది. సెలవు మీద వచ్చినప్పుడు దాని మీద మమ్మల్ని సూర్యలంక తీసుకెళ్ళేవారు, రేపల్లెలో వాళ్ళ అక్క ఇంటికి తీసుకెళ్ళేవారు. అమ్మలా పెంచిన అక్క. బండి మోజు తీరకముందే కబురు వచ్చింది, ఆయన పటాలాన్ని శాంతి సేనలో ఆఫ్రికా పంపుతున్నారని. ఆ దేశం పేరు నాకు నోరు తిరిగేది కాదు. "అక్కడ రెండు జట్లు కొట్టుకు చస్తున్నాయి. మేము మధ్యలో నిలబడాలి, అంతే" అన్నారు తేలిగ్గా. మధ్యలో నిలబడినవాడికి రెండు వైపుల నుంచీ తగలదా అని నాకు అనిపించింది. పైకి అనలేదు.

సొంత బండిని అంత దూరం తీసుకుపోయే వీలు ఎక్కడుంది? ఆయనతో వెళ్ళేవాళ్ళు కొందరు అమ్మేసుకున్నారు, కొందరు బావమరుదులకు ఇచ్చేశారు. మా ఆయనకు మనసొప్పలేదు.

"నేనొచ్చేసరికి నాదంటూ ఒకటి వాకిట్లో ఉండాలే, మణీ."

"మేమిద్దరం కనపడట్లేదా?"

"మీరు సరే. మీకు కిక్కు కొట్టక్కర్లేదుగా, వాటంతటవే మోగుతాయి నోళ్ళు."

వెళ్ళే ముందు నాకు కిక్కు కొట్టడం నేర్పారు. బుల్లెట్టు కిక్కు వెనక్కి తన్నిందంటే పిక్క పగులుతుంది. మొదటి రోజుల్లో పసుపు పట్టు వేసుకుని కుంటుతూ తిరిగాను. స్టాండు మీద నుంచి దించొద్దు, వీధిలోకి తియ్యొద్దు, ఆదివారం ఆదివారం స్టార్టు చేసి కాసేపు తిరగనివ్వమన్నారు. "నేను ఫోను చేసినప్పుడు నాకూ వినిపించు" అన్నారు.

బయలుదేరే రోజు వీధంతా వచ్చింది. అందరూ ఒకటే మాట, "ఏం కాదు, ఏం భయం లేదు." దానమ్మత్త ఒక్కతే ఆయన రెండు చేతులూ పట్టుకుని, "నాకు భయంగా ఉంది నాయనా. జాగ్రత్తగా పోయిరా" అంది. పోయేవాడి ముందు అవేం మాటలని పక్కనున్నవాళ్ళు కసిరారు. నాకూ కోపం వచ్చింది. ఆటో మలుపు తిరిగాక అందరూ వీధి వైపు చూస్తుంటే ఆమె మాత్రం మా వాకిట్లో నిలబెట్టిన బండి వైపు చూస్తోంది. కుక్క కరిచినవాడు కట్టేసిన కుక్కను చూసినట్టు ఉంది ఆ చూపు.

ఆ ఏడాది నాకు ఆదివారాల మీదుగానే గడిచింది. దానమ్మత్త చర్చి నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే, చేతిలో బైబిలుతో పిట్టగోడకు అవతల నిలబడేది. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపి కిక్కు కొట్టేదాన్ని. అది అంటుకుని దడదడలాడగానే ఆమె కళ్ళు మూసుకునేది. ఫోను వస్తే సైలెన్సరు దగ్గర పట్టుకునేదాన్ని. అటు నుంచి ఆయన ఏమీ మాట్లాడేవారు కాదు, వినేవారు. ఒకసారి మా బండి ఆపాక అటు నుంచి అలాంటి చప్పుడే వినిపించింది, టపటపమని.

"అదేంటండీ?"

"ఇక్కడ ఎవరిదో పెళ్ళిలే, టపాకాయలు."

మరుసటి వారమూ పెళ్ళే. ఆ పై వారమూ పెళ్ళే. అన్ని పెళ్ళిళ్ళు జరిగే దేశానికి శాంతి సేన ఎందుకు అని నేను అడగలేదు. ఫోను పెట్టేశాక గోడ దగ్గరకు పోతే దానమ్మత్త నా మొహం చూసి, "ఇవాళ కూడా పెళ్ళేనా?" అంది. అవునన్నాను. "మా ఆయన కొబ్బరికాయలు కొడుతున్నారని చెప్పేవాడు" అంది. ఇద్దరం నవ్వాం.

సముద్రం మా ఇంటికి దూరమే, గాలికి దూరమేముంది? బాపట్లలో ఇనప గేటు ఏడాదికోసారి రంగు అడుగుతుంది. వానలు వెళ్ళేసరికి బండి చక్రాల పుల్లల మీద ఎర్ర చుక్కలు మొదలయ్యాయి. అవి చూసి నాకు ప్రాణం గిలగిలలాడింది. ఆయన ఒంటి మీద ఏదో లేచినట్టే అనిపించింది. పేరాలలో మా నాన్న మగ్గంలో ఇనుమన్నది ఎక్కడున్నా ఉప్పుగాలి తినకుండా నూనె గుడ్డతో తుడిచేవాడు. అదే పని నేనూ మొదలుపెట్టాను. కొబ్బరినూనెతో తుడుస్తుంటే దానమ్మత్త గోడ మీద నుంచి తొంగిచూసి, "కొబ్బరినూనె రెండు రోజులకు ఆరిపోద్ది అమ్మాయ్. ఆముదం రాయి. ఎంత గాలికైనా ఆగుద్ది. మా ఆయన బండికి నేను అదే రాసేదాన్ని" అని ఒక సీసా నిండా గానుగ ఆముదం ఇచ్చింది. అంతకు ముందు జోసెఫ్ గారికి బండి ఉండేదని కూడా నాకు తెలియదు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం బండికి తలంటే. పుల్లలకు, చక్రాల మధ్యన గుండ్రటి డబ్బాలకు, వాటి పక్కన కదిలే ఇనప చేతులకు, సందుల్లోకి దిగేలా పక్షి ఈకతో పోసేదాన్ని. సాయంత్రం ఎండలో బండి నల్లగా నిగనిగలాడుతుంటే ఆయన క్షేమంగా ఉన్నారని నాకు నేనే రుజువు చూపించుకున్నట్టు ఉండేది.

తర్వాత ఒక ఆదివారం ఫోను రాలేదు. మధ్యాహ్నం దాకా బండి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం టీవీలో కింద అక్షరాలు పరుగెత్తాయి, ఆఫ్రికాలో శాంతి సేన శిబిరం మీద దాడి అని. చదవడం నాకు నెమ్మది. నేను కూడబలుక్కునేలోపు అక్షరాలు వెళ్ళిపోయేవి. మళ్ళీ వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవడం. మా పాపను చదవమని అడగడానికి భయం. ఫోను చేస్తే ఏదో ఇంగ్లీషు ఆడగొంతు. వీధిలోవాళ్ళు వచ్చారు, ఏం కాదన్నారు, వెళ్ళిపోయారు. వాళ్ళు ఏం కాదన్న ప్రతిసారీ నాకు గుండె ఇంకొంచెం జారేది. ఏం కాకపోతే ఇంతమంది ఎందుకు వస్తున్నారు?

దానమ్మత్త వచ్చి టీవీ ఆపేసింది. నా పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత, "నాకు చాలా భయంగా ఉంది మణీ. ఒళ్ళంతా వణుకుతోంది, చూడు" అని చెయ్యి చాపింది. నిజంగానే వణుకుతోంది. ఆ చెయ్యి పట్టుకున్నాక నాకు ఏడుపు వచ్చింది. పొద్దుటి నుంచి రానిది. అందరూ నా భయాన్ని తీసేయాలని చూశారు. ఆమె ఒక్కతే తన భయం తెచ్చి నా పక్కన పెట్టింది. నేను ఏడవడం అయ్యాక, "లే. బండి స్టార్టు చెయ్యి" అంది.

"ఎవరు వినాలి అత్తయ్యా?"

"మనం విందాం. లే."

కొట్టాను. పిట్టగోడ అవతల నిలబడే మనిషి ఆ రోజు ఇవతల, బండికి మూర దూరంలో నిలబడింది. ఆ వారమంతా రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. ఆ వారంలోనే జోసెఫ్ గారి సంగతి చెప్పింది. ఆయననూ అలాగే సముద్రం అవతలి దేశానికి పంపారట. ఆయన బండి కూడా అలాగే వాకిట్లో నిలబడింది. అక్కడ లారీ కింద మందుపాతర పేలితే పక్కవాళ్ళు పోయారు, ఈయనకు గీత పడలేదు. ఏడాది దాటాక తిరిగి వచ్చారు. వచ్చిన మర్నాడు పొద్దున్నే రేపల్లెలో ఉన్న తల్లిని చూసి వస్తానని బండి తీశారు. రేపల్లె రోడ్డులో కాలవ వంతెన దగ్గర మలుపు. ఎదురుగా గేదెలు. "బ్రేకు నొక్కాడంట. వెనకాల సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు చూశారు. నొక్కుతూనే ఉన్నాడంట, బండి ఆగలేదంట" అంది. "తూటాల మధ్య నుంచి బతికొచ్చినోడు నా వాకిట్లో బండి మీద పోయాడు. ఏడాది నిలబడిన బండి అంతే అన్నారు అందరూ. అందుకే నీ బండి నిలబడిపోతే నాకు భయం. మీ ఆయనకు అక్కడ ఏమవుద్దోనని భయపడటానికి నువ్వున్నావు. ఇక్కడ ఏమవుద్దోనని భయపడటానికి నేనున్నా."

ఆ వారం చివర ఫోను వచ్చింది. ఆయన గొంతు. శిబిరంలో తీగలన్నీ తెగిపోయాయని, తనకేం కాలేదని. నేను మాట్లాడలేక బండి దగ్గరకు పరుగెత్తాను. తొందరలో కొడితే కిక్కు వెనక్కి తన్ని, పిక్క మళ్ళీ పగిలింది.

ఆయన తిరిగి వచ్చే నెల తెలిసింది. "రాగానే మర్నాడు బండి మీద రేపల్లె పోదాం. అక్కను చూడాలి. రోజూ ఆ రోడ్డే కలలోకి వస్తోంది" అన్నారు ఫోనులో. అత్తతో ఆ మాట చెప్పాను, సంతోషంగానే చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టేసింది. వచ్చిన మర్నాడు, రేపల్లె రోడ్డు. అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఆ రాత్రి నుంచి నాకు తుపాకుల కల పోయి కాలవ వంతెన కల మొదలయింది. ఒక భయం ఇల్లు ఖాళీ చేస్తే ఇంకొకటి అద్దెకు దిగింది.

"అమ్మేద్దాం అత్తయ్యా" అన్నాను.

"అమ్మితే వాడు ఇంకోటి కొంటాడు. తెనాలి పోదాం. ఆ బాషాకు చూపిద్దాం."

లగేజీ ఆటో మాట్లాడి, బండిని ఎక్కించి, గడ్డి వేసి, మోకులతో కట్టించాం. ఒక పక్క నేను, ఒక పక్క అత్త. దారి పొడుగునా బండి అటు ఊగితే అత్త "ప్రభువా", ఇటు ఊగితే నేను "వెంకన్నా". డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇద్దరు దేవుళ్ళూ ఒకే ఆటో ఎక్కితే నాకు గిట్టుబాటు కాదమ్మా" అన్నాడు. తెనాలి షెడ్డు ముందు దించుతుంటే బాషా గారు తలగుడ్డ సర్దుకుంటూ వచ్చారు. "ఏంటి తల్లీ, పెళ్ళికూతుర్ని దించినట్టు దించుతున్నారు? ఎంత బాగా ఉంచారమ్మా బండిని, అద్దంలా ఉంది!" అన్నారు. నాకు గర్వంగా అనిపించింది. ఆముదం మహత్యం చెప్పాను. వారం వారం ఎలా పోశానో, ఈకతో సందుల్లోకి ఎలా దింపానో.

ఆయన మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. ఏమీ అనకుండా బండిని స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పారు. "చూడండమ్మా" అని కాలితో బ్రేకు నొక్కి పట్టారు.

చక్రం తిరుగుతూనే ఉంది.

ఆయన కాలు బ్రేకు మీదే ఉంది. నిగనిగలాడే పుల్లలు, మా ఇద్దరి మొహాల మీద వెలుగు చుక్కలు చిమ్ముకుంటూ, తీరిగ్గా, చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. ముందు చక్రమూ అంతే. చక్రం మధ్య డ్రమ్ము విప్పి, లోపల చక్రాన్ని పట్టి ఆపే లైనర్లు చేతిలో పెట్టి చూపించారు. నల్లగా, జిడ్డుగా, పిండితే కారేలా ఉన్నాయి. గుప్పుమని ఆముదం వాసన. "ఇనుముకు రాయడం మంచిదే తల్లీ. కానీ ఇది పట్టుకోవలసిన చోటు. పట్టుకునే చేతికి నూనె రాస్తే ఏం పట్టుకుంటది? స్టాండు మీద ఎన్ని ఆదివారాలు తిప్పినా ఇది బయటపడదు. రోడ్డు మీద, అవసరం పడ్డప్పుడే బయటపడేది" అన్నారు. గద్దించలేదు. తన కూతురికి చెప్పినట్టే చెప్పారు. లోపల కడిగి, కొత్త లైనర్లు వేసి, నన్నే పిలిచి బ్రేకు నొక్కమన్నారు. చక్రం టక్కున ఆగింది. నేను మళ్ళీ మళ్ళీ తిప్పమన్నాను, మళ్ళీ మళ్ళీ నొక్కాను.

దానమ్మత్త వైపు అప్పుడు చూశాను. షెడ్డు బయట, పాత టైర్ల గుట్ట మీద కూర్చుని ఉంది. తన చేతులు తనే చూసుకుంటోంది.

తిరుగు దారిలో ఎంతసేపటికీ ప్రభువును పిలవలేదు. బండి ఊగినా కదలలేదు. బాపట్ల పొలిమేరల్లోకి వచ్చాక, "మణీ, నేను కూడా పోసేదాన్నే" అంది. "నీలాగే. సందుల్లోకి దిగేట్టు. శుభ్రంగా."

"రోడ్డు మలుపు అత్తయ్యా. గేదెలు అడ్డం వచ్చాయన్నావుగా. ఎవరికి తెలుసు?"

"తెలీదు. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఎవరూ విప్పి చూడలేదు." మళ్ళీ తనే, "సీసా ఇచ్చింది కూడా నేనే" అంది.

ఏం కాదు అనే మాట నోటి దాకా వచ్చింది. ఆ మాట ఎంత పనికిరానిదో నాకు తెలుసు. ఆమె చెయ్యి తీసుకుని నా ఒడిలో పెట్టుకున్నాను. అది వణకలేదు. చల్లగా, బరువుగా, రాయిలా ఉంది. ఆ చెయ్యి అలా వణక్కుండా ఉండటం చూసి నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

మా ఆయన వచ్చారు. నల్లబడి, చిక్కి, మెడ మీద కొత్త మచ్చతో వచ్చారు. బ్రేకుల సంగతి చెబితే మొదట నవ్వారు, తర్వాత నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే రేపల్లెకు తయారయ్యాం. పాపకు కొత్త గౌను. ఆయన కిక్కు కొట్టబోతుంటే గేటు తీసుకుని దానమ్మత్త వచ్చింది. తెల్లచీర కొంగు నడుముకు బిగించి దోపుకుంది. వచ్చి హ్యాండిలు మీద చెయ్యి వేసింది. జోసెఫ్ గారు పోయాక ఆమె మోటారుసైకిలు ముట్టుకోవడం అదే మొదలు.

"ముందు నన్ను ఎక్కించుకో."

"ఎక్కడికి పిన్నీ?"

"కాలవ వంతెన దాకా. పోయి వచ్చాక నీ పెళ్ళాన్నీ పిల్లనూ ఎక్కించుకో."

"బాషా గారు చూశారుగా. కావాలంటే నిన్ను బస్సులో తీసుకెళ్తా."

"బస్సు బ్రేకుల మీద నాకు బెంగ లేదురా. ఒక్కడివే పోతే గాలిలా పోతావు. వెనక ముసలిది ఉంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటావు. కాలు ఎక్కడ పెట్టాలి?"

ఆయన నా వైపు చూశారు. వద్దనమని నా లోపల ప్రతి నరమూ అరుస్తోంది. ఆ బండి మీద ఆయనను ఒంటరిగా పంపలేను. ఆమెతో కలిపి పంపలేను. ఆపనూ లేను. కాలు ఎక్కడ పెట్టాలో నేనే వంగి చూపించాను. ఆమె ఒళ్ళంతా గజగజలాడుతోంది. ఆ వణుకు చూశాక మాత్రం నా మనసు కొంచెం కుదుటపడింది. మా అత్త మళ్ళీ మా అత్త అయింది.

బండి మలుపు తిరిగింది. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పోయింది. నేను గేటు వదల్లేదు. ఏడాది పాటు వేల మైళ్ళ అవతల ఉన్న మనిషి కోసం భయపడ్డాను. అంత భయమూ ఒక పక్క, ఆ కాలవ వంతెన దాకా పోయి వచ్చేంత సేపు ఒక పక్క. వీధిలో ఎవరి బండి చప్పుడైనా గేటు బయటికి తొంగిచూశాను. "అమ్మా, మనం ఎప్పుడు పోతాం?" అని పాప అడిగితే, "వాళ్ళు వస్తే" అన్నాను. వస్తే అన్న మాట నా నోటి నుంచి వచ్చిందని వెంటనే నాలుక కరుచుకున్నాను.

వచ్చారు. ఆలస్యంగా, నిదానంగా వచ్చారు. అత్తను ఇద్దరం పట్టుకుని దించాం. "కాళ్ళు ఆడట్లేదే. మంచినీళ్ళివ్వు" అంది. తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంక పోయిరండి. నాకు భయంగానే ఉంది. అయినా పోయిరండి" అంది.

వంతెన దగ్గర జరిగింది మా ఆయన దారిలో చెప్పారు. దారంతా ఆమె ఆయన భుజం పిసికేస్తూ కూర్చుందట. మలుపు కనపడగానే, "ఇక్కడ కొంచెం జోరుగా పోనిచ్చి, నొక్కు" అందట. ఎందుకు పిన్నీ అంటే, "నొక్కమంటున్నా" అందట. ఆయన నొక్కారు. బండి కచ్చితంగా, అడుగు జారకుండా నిలబడింది. అత్త దిగలేదు. ఆయన వీపుకు నుదురు ఆనించి చాలాసేపు ఉండిపోయింది. "ఆగింది" అందట ఒకసారి. కాసేపాగి, "ఆగింది నాయనా" అని ఇంకోసారి.

దానమ్మత్త పోయి కొన్నేళ్ళయింది. నిద్రలోనే పోయింది, భయపడే అవకాశం కూడా లేకుండా. మా ఆయన మిలట్రీ నుంచి వచ్చేశారు. నాకు మాత్రం భయం తగ్గలేదు. వయసుతో పాటు అదీ పెరిగింది. ఒకటే మారింది, దాన్ని దాచుకోను. భయంగా ఉందని నోరు విప్పి చెప్పి, చెయ్యవలసిన పని చేస్తాను. ఎవరింట్లోనైనా కష్టం వస్తే ఏం కాదని చెప్పి లేచిరాను. పక్కన కూర్చుని, నాకూ భయంగానే ఉందమ్మా అంటాను. కొందరు విసుక్కుంటారు. కొందరు నా చెయ్యి పట్టుకుంటారు.

మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా నెలల తరబడి నిలబడిన తన స్కూటీ బయటకు తీస్తుంది. మొదటిసారి బయలుదేరేటప్పుడు నేను చీర కొంగు దోపుకుని వెనక ఎక్కి కూర్చుంటాను. దానికి తల కొట్టేసినట్టు ఉంటుంది. మొన్న కూడా విసుక్కుంది.

"అంత భయమైతే ఇంట్లో కూర్చోవచ్చు కదమ్మా?"

"ఇంట్లో కూర్చుంటే భయం తగ్గుద్దని నీకెవరు చెప్పారే? ముందు వీధి చివర దాకా పోనిచ్చి, ఒకసారి నొక్కు."